హంపీకి వెళ్లొచ్చిన ఇత్తడి గిన్నె

మా అత్తకూ పక్కింటి గాజులామెకూ ఆషాఢంలో మాటలు ఆగిపోయాయి. చలికాలం వచ్చినా మళ్లీ మొదలు కాలేదు. అలాంటి సమయంలో మహిళామండలి వాళ్లు మమ్మల్ని బస్సులో హంపీ చూడడానికి తీసుకెళ్లారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నేను రాతిరథం కంటే ముందు మా అత్త ఇత్తడి గిన్నె గురించే చెబుతాను.

జమ్మలమడుగులో మా వీధి బాగా ఇరుకు. మా ఇంటి పెరటికీ గాజులామె పెరటికీ మధ్య మొలెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ మీదుగా మా చారు అటు పోయేది, వాళ్ల సేమియా పాయసం ఇటు వచ్చేది. ఆమె మా అత్తను ‘అక్కా’ అనేది. మా అత్త ఆమెను ‘మ్మే’ అని పిలిచేది. కోడలినైన నాకు కూడా అంత ముద్దుపిలుపు దక్కలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పక్కింటివాళ్లు గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే, ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏదో ఒకటి వేసి ఇస్తారు. ఏమీ లేకపోతే బెల్లం ముక్కో, గుప్పెడు చెనిక్కాయలో వేస్తారు. వట్టి గిన్నె ఇచ్చారంటే ‘ఇక మీతో మాకు పొత్తు లేదు’ అని చెప్పినట్టే. ఆ ఆషాఢంలో మా అత్త ఓళిగలు, అంటే బొబ్బట్లు చేసి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నెలో పెట్టి గాజులామెకు ఇచ్చింది. ఒకట్రెండు రోజులకు మా ఇంటికి చుట్టాలు దిగారు. గిన్నె కావలసి వచ్చి మా అత్త గోడ మీదుగా కేకేసింది. శానాసేపటికి చూస్తే గిన్నె గోడ మీద బోర్లించి ఉంది. మా అత్త దాన్ని తిప్పి చూసింది. లోపల ఏమీ లేదు.

“ఓహో, అట్లనా!” అంది మా అత్త. అంతే. ఆ రోజు నుంచి ఆ గోడ మీద ఏ గిన్నే కనిపించలేదు. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కానీ మా అత్త అడగలేదు, ఆమె చెప్పలేదు.

హంపీ ప్రయాణం మాట మా మహిళామండలిని నడిపే గ్రామసేవికమ్మ తెచ్చింది. విరూపాక్షుణ్ణి చూడాలని మా అత్తకు ఎప్పటి నుంచో కోరిక. గాజులామె తాత ఒకప్పుడు గాజుల మలారం భుజానేసుకుని హంపీ తేరు పండగకు పోయి అమ్ముకొచ్చేవాడట. ఆ ఊరు చూడాలని ఆమెకూ ఉండేది. ఆమె వస్తే తాను రానని మా అత్త అంది. అక్క వస్తే తానెందుకని ఆమె అంది. బస్సు బయలుదేరేటప్పటికి ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో.

రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారేసరికి హంపీ చేరాం. నదిలో మునిగి, స్వామిని చూసి బయటికి వచ్చేసరికి గైడు మా కోసం గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. ఆయన తెలుగులో సగం కన్నడం. మొదటి మాటే గట్టిగా చెప్పాడు.

“అమ్మా, నోడ్రమ్మా! పోయినసారి ఒకాయమ్మ ఏనుగుల లాయంలో పండుకోని నిద్రపోయింది. ఆమెను ఎతికేదానికే పొద్దు గూకింది. అందుకే ఇద్దరిద్దరు చెయ్యి పట్టుకోండి. సాయంత్రం బస్సు ఎక్కేదాకా ఇడవగూడదు.”

అందరూ తమకు నచ్చినవాళ్ల చేతులు పట్టుకున్నారు. నేను మా వీధి చివరి మగ్గాలింటి కోడలి చెయ్యి పట్టుకున్నాను. చివరికి ఎవరూ పట్టుకోకుండా మిగిలిన చేతులు రెండే. ఒకటి మా అత్తది, ఇంకొకటి గాజులామెది. గ్రామసేవికమ్మకు వీళ్ల గొడవ తెలియదు. “మీరిద్దరూ పక్కపక్క ఇండ్లే గదా, ఇంకేం!” అని నవ్వుతూ ఒకరి చెయ్యి ఇంకొకరి చేతిలో పెట్టింది. కాదనడానికి ఇద్దరికీ మొహమాటం అడ్డొచ్చింది.

అలా చేతులు పట్టుకుని, తలలు మాత్రం చెరో వైపు తిప్పుకుని, వాళ్లిద్దరూ విజయనగరం చూడడం మొదలుపెట్టారు. మేం వెనకనే నడిచాం. వాళ్ల మాటలన్నీ నా మీదుగానే నడిచాయి.

“ఏమే కోడలా, మీ అత్తకు చెప్పు, కాళ్ల కాడ రాయి ఉండాది, తట్టుకుంటాది.”

“నాకు కండ్లు ఉండాయని చెప్పు ఆమెకు.”

“కండ్లు ఉండాయి గానీ అవి నేల మీద ల్యావని చెప్పు.”

నా పక్కనున్న మగ్గాలింటి కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

మా అత్తకు చెక్కిన రాయి కనబడితే చాలు, పసుపూ కుంకుమా పెట్టకుండా ముందుకు కదలదు. ఒక చెయ్యి గాజులామె చేతిలో ఇరుక్కుపోయింది. ఉన్న ఒక్క చేతితో భరిణె పట్టుకోవాలా, బొట్టు పెట్టాలా? కాసేపు తంటాలు పడింది. చివరికి గాజులామె మాటామంతీ లేకుండా భరిణె తన చేతిలోకి లాక్కుని మూత తీసి పట్టుకుంది. ఇక చూడండి, ఈమె భరిణె పట్టడం, మా అత్త బొట్టు పెట్టడం. కనిపించిన నందికీ, విరిగిన స్తంభానికీ, గడప రాయికీ, దేనికీ వదల్లేదు. ఏనుగుల లాయం దగ్గరికి వచ్చేసరికి గైడు ఇక ఓర్చుకోలేకపోయాడు.

“అమ్మా, అది లాయం. ఆడ దేవుడు ల్యాడు.”

“ఏనుగులు ఉండెనని నువ్వే చెప్తివి గదప్పా?”

“ఉండె.”

“ఏనుగు మొగం ఎవురిది? ఇనాయకునిది కాదా?”

గైడు గొడుగు మూసి మళ్లీ తెరిచాడు. మా అత్త లాయం గడపలన్నింటికీ బొట్లు పెట్టేదాకా ఆయన ఎండలో నిలబడ్డాడు.

ఒక గుడి గోడ నిండా నాట్యమాడే ఆడవాళ్ల బొమ్మలున్నాయి. గాజులామె అక్కడ ఆగిపోయింది. ఒక్కొక్క బొమ్మ మణికట్టునూ వేళ్లతో కొలుస్తూ పోయింది. “ఈ పిల్లకు గాజులు బిగువు. తొడగడం రానోడు ఎవుడో తొడిగినాడు. ఈ పక్కామెకైతే నా మలారంలో సైజే ల్యా” అంది. మా అత్తకు నవ్వు ఆగలేదు. వెంటనే దాన్ని దగ్గుగా మార్చింది. అక్కడ రాళ్ల మీద రాతలు కూడా ఉన్నాయి. అప్పుడు నాకు అక్షరాలు రావు. అవీ తీగలూ లతలూ అనుకుని వేలితో తడిమాను. జుట్టు నెరిశాక మనవరాలి పలక మీద దిద్దుకున్నప్పుడు ఆ రాయి చల్లదనం నా వేలికి గుర్తొచ్చింది.

మిట్టమధ్యాహ్నానికి గైడు మమ్మల్ని ఒక రాతి కాలువ దగ్గరికి తీసుకెళ్లాడు. కాలువకు రెండు వైపులా బారుగా రాతి కంచాలు. ఒక్కొక్క రాతిలో అన్నానికి పెద్ద గుంట, కూరలకూ పచ్చళ్లకూ చుట్టూ చిన్న చిన్న గుంటలు, విస్తరి మాదిరి చెక్కారు. “రాజుల కాలంలో ఈడ కూచోని తినేవాళ్లు. మద్దెన కాలవలో నీళ్లు పారుతాండె. చెయ్యి ముంచి తాగేదే” అని చెప్పాడు. ఇప్పుడు కాలువలో నీళ్లు లేవు. కంచాల్లో ఎండుటాకులూ దుమ్మూ ఉన్నాయి.

అందరం కాసేపు చూస్తూ నిలబడ్డాం. మా అత్త నిట్టూర్చి, “అంతమందికి అన్నం పెట్టిన తట్టల్లో ఒక్క మెతుకు ల్యాకపాయ” అంటూ భరిణె కోసం చెయ్యి చాచింది, ఆ రాతి తట్టకు కూడా బొట్టు పెడదామని.

గాజులామె భరిణె ఇవ్వలేదు. మొదటిసారి నా వైపు చూడకుండా, మా అత్త మొహంలోకే చూసి మాట్లాడింది.

“రాజుల తట్టలు వట్టిగా ఉండినా బొట్టు పెడతాండావే. వట్టిదని నేనిచ్చిన గిన్నె ఒక్కటే కనపడిందా అక్కా నీకు?”

ముందుకు కదిలినవాళ్లు కూడా ఆగి వెనక్కి తిరిగారు.

“ఆషాడమక్కా అది! పెండ్లిండ్లు ల్యావు. గాజులు అడిగే మనిషి ల్యాదు. నువ్వేమో గిన్నె గిన్నె అని అరస్తాండావు. ఇల్లంతా ఎతికినా. బెల్లం ల్యా, చెనిక్కాయ ల్యా. ఏం ఏసియ్యాల నేను? మన్ను ఏసియ్యాల్నా?”

“నాతో ఒక మాట చెప్పల్ల గదా!”

“ఏమని చెప్పల్ల? మా ఇంట్లో ఏమీ ల్యాదని గోడెక్కి అరసాల్నా?”

మా అత్త కాసేపు తన చేతి గాజుల వైపు చూసుకుంది. “నాకు బుద్ధి ల్యా. ఆషాడంలో గాజుల యాపారం యాడ ఉంటాదని నేను ఆలోచన చేయొద్దా? ఆ నెలంతా నేనన్నా నీ దగ్గర ఒక జత ఏసుకుంటినా?” అంది. ఇంత జరుగుతున్నా ఇద్దరూ పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. గైడుకు భయపడి కాదని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత మా అత్త రాతి కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు పోసి కంచాన్ని శుభ్రంగా కడిగింది. సద్ది మూట విప్పింది. అందులో జొన్నరొట్టెలు, కారం దట్టించి నూరిన ఊరిబిండి పచ్చడి, అదే ఇత్తడి గిన్నెలో ఆకు కప్పిన పెరుగన్నం.

“రామ్మే, కూచో” అంది.

ఆషాఢం నుంచి వినని ఆ ‘మ్మే’ చెవిన పడగానే గాజులామె కొంగుతో మొహం తుడుచుకుని, తన మూటలోని తీపి రొట్టెలు కూడా తెచ్చి పక్కన కూర్చుంది. పెద్ద గుంటలో పెరుగన్నం, చిన్న గుంటల్లో ఊరిబిండి పెట్టి మా అత్త ఆమెకు వడ్డించింది. అది చూసి మేమందరం తలా ఒక కంచం ఎంచుకుని కడుక్కోవడం మొదలుపెట్టాం. గైడు పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మా, ఈడ తినగూడదు! ఇది గవర్నమెంటోళ్లది!”

“గవర్నమెంటోళ్లు వస్తే వాళ్లకూ పెడతాంలే. పొద్దున్నుంచి ఒకటే అరస్తాండావు. నువ్వు కూచో అప్పా” అంది గాజులామె.

ఆయన అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. ఊరిబిండి ఒక్క ముద్ద తినేసరికి కండ్ల నిండా నీళ్లు. “నీళ్లు, నీళ్లు!” అన్నాడు.

“కాలవలో పారుతాండె అంటివే, చెయ్యి ముంచి తాగు” అంది మా అత్త. అంతమంది ఆడవాళ్ల నవ్వు ఆ రాళ్ల మధ్య మోగింది. తిన్న తర్వాత గైడుకు తృప్తిగా ఉండేలా ప్రతి కంచాన్నీ పొద్దున మా ఇండ్లలో గిన్నెలు తోమినట్టు తోమి తుడిచాం.

సాయంత్రం రాతిరథం చూసి, స్తంభాలను తట్టి వాటి మోత విని, నది ఒడ్డుకు వచ్చాం. “గంగలో మునగల్ల, తుంగ నీళ్లు తాగల్ల అంటారమ్మా” అని గైడు చెప్పాడు. అందరం దోసిళ్లతో తాగాం. గాజులామె మా అత్త ఇత్తడి గిన్నెను ఇసుకతో రుద్ది కడిగి, అంచుదాకా నీళ్లు నింపి రెండు చేతులతో తెచ్చింది.

“ఇందాక్కా. వట్టిది ఇయ్యలే, సూడు.”

గిన్నె మూత జమ్మలమడుగులో మా వంటింట్లోనే ఉండిపోయింది. ఆ నీళ్లను మా అత్త పారబొయ్యనంటే పారబొయ్యనంది. ఒడిలో పెట్టుకుని బస్సెక్కింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే సీటు. బస్సు గుంటలో పడినప్పుడల్లా ముందువాళ్ల వీపు మీదా పక్కవాళ్ల ఒడిలోనూ తుంగభద్ర చిందేది. చలికి వణుకుతూ అందరూ నవ్వడమే.

“పారబొయ్యండమ్మా, మీ ఊళ్లో నీళ్లు లేవా?” అంది గ్రామసేవికమ్మ, తడిసిన చీర పిండుకుంటూ.

“పెన్న నిండా ఉండాయి. ఈ గిన్నెలో వచ్చినేటివి మాత్రం ఇవే” అంది మా అత్త. చేతులు నొప్పి పుడితే గాజులామెకు ఇచ్చేది. ఆమె నుంచి నాకు, నా నుంచి మగ్గాలింటి కోడలికి. అలా బస్సంతా తిరిగి గిన్నె మళ్లీ మా అత్త ఒడికి చేరేది.

తెల్లవారి ఇల్లు చేరేసరికి గిన్నె అడుగున కాసిని నీళ్లు మిగిలాయి. మా అత్త పెరటి గోడ దగ్గరికి పోయి, సగం గాజులామె నీళ్ల బిందెలో పోసింది, సగం మా బిందెలో పోసింది. గిన్నె ఖాళీ అయింది. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, గోడ మీద పెట్టింది. బోర్లించలేదు. మూతి పైకి ఉండేలా, గాజులామె పెరటి వైపుకు కొంచెం జరిపి పెట్టింది.

“ఏందక్కా, వట్టి గిన్నె పెడ్తివి?” అని ఆవలి నుంచి కేక వినిపించింది.

“నింపి ఇస్తావని పెడితినిమ్మే. నాకు ఆకలైతాండాది.”

పొద్దెక్కేసరికి గిన్నె నిండా సేమియా వచ్చింది. వేడికి పట్టుకోలేక కొంగుతో పట్టి నేనే లోపలికి తెచ్చాను. మా అత్తకు ఇచ్చేముందు వంటింట్లో నిలబడి రెండు గరిటెలు తిన్నాను.