సుభాని ఇచ్చిన పెనాల్టీ

సౌదీలోని ఖఫ్జీ ఊళ్లో నీళ్ల ట్యాంకరు తోలే మహబూబ్ సుభాని, 2003లో తోటి కడప డ్రైవర్లను పోగేసి ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాడు. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి, శుక్రవారాల్లో ఇసుక మైదానంలో రాళ్లేరి, సున్నంతో గీతలు గీసి, ప్యాంటు పైకి మడుచుకుని రిఫరీగా దిగేవాడు. క్లబ్బు మొదటిసారి ఫైనలుకొచ్చినప్పుడు, ఎదుటి జట్టు మలయాళీలు కూడా సుభాని భాయే విజిల్ ఊదాలన్నారు. ఆట ముగుస్తుందనగా, తమ గోలు ముందు బంతి అతని బామ్మర్ది తబ్రేజ్ చేతికి తగిలింది. సుభాని తప్ప ఎవరూ గమనించలేదు. అయినా పెనాల్టీ ఇచ్చాడు. కప్పు చేజారింది.

"మన క్లబ్బు గదా బావా!" అన్నాడు తబ్రేజ్, ఏడుపు గొంతుతో.

"మనది గాబట్టే ఊదినా. పేరు చెడితే మనతో ఎవురాడతారు రా?"

సాయంత్రం గెలిచినవాళ్లు బిర్యానీ దేక్సా తెచ్చి వీళ్ల గది ముందే దించారు. మొహం తిప్పుకుని కూర్చున్న తబ్రేజ్, కాసేపటికి పెద్ద ముక్క ఏరి సుభాని పళ్లెంలో వేశాడు.

"తగిలింది బావా," అన్నాడు మెల్లగా.

సుభాని తృప్తిగా తిన్నాడు.