అక్విడక్టు మీద అడిగిన మాట

నలభై ఏళ్ళకి పైగా మా ఆవిడని తన చెల్లెలి పేరు ఎత్తనివ్వలేదు. అది అన్యాయం. చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా పెళ్ళయిన ఏడాది అక్కచెల్లెళ్ళిద్దరూ గోదారి మధ్య లంక నుంచి నాటు పడవలో వస్తుంటే అది తిరగబడింది. మా ఆవిడ ఒడ్డుకు చేరింది. పద్నాలుగేళ్ళ మరదలు చేరలేదు. కర్మకాండ కాగానే మా అత్తగారు పిల్ల ఫొటోని ట్రంకు పెట్టె అడుగున పెట్టేసి, నీళ్ళలో పోయినవాళ్ళ ఊసు ఇంటికి మంచిది కాదన్నారు. అందరం తలూపాం. ఆ పెట్టె ఇప్పుడు మా అటక మీదే ఉంది.

అప్పటినుంచి మా ఆవిడ తల మీద చెంబుతో నీళ్ళు పోసుకున్నది లేదు. తువ్వాలు తడిపి తుడుచుకునేది. గోదారి పాయ దాటించే గన్నవరం అక్విడక్టు వంతెన మీదకి బస్సు ఎక్కిందంటే కొంగు ముఖానికి కప్పేసుకునేది. "మామ్మగారూ, గోదారి వెళ్ళిపోయిందండీ, ఇంక లేవండి" అని కండక్టరు అంటే బస్సంతా నవ్వేది. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే.

మొన్నామధ్య శుక్లం ఆపరేషనుకి అమలాపురం తీసుకెళ్ళాను. ముఖం మీద గుడ్డ కప్పగానే విసిరికొట్టి బల్ల దిగిపోయింది. "ఈ వయసులో నాటకాలేంటండీ" అంది అక్కడి నర్సు. నేను ఊరుకోలేదు. కంటి డాక్టరు మాత్రం మా ఆవిడని పక్కన కూర్చోబెట్టి సంగతంతా విని, ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

మనవరాలి వయసు అమ్మాయి. మా ఆవిడ పడవ సంగతి తలుచుకుంటూ, కళ్ళ ముందు అటూ ఇటూ కదిలే తన రెండు వేళ్ళని చూపుతో వెంబడించాలట. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పొట్లాం కాగితాల దగ్గర్నుంచి లైబ్రరీ బీరువాల దాకా నా అంతట నేనే చదువుకున్నాను. ఇలాంటిది ఎక్కడా చూడలేదు.

"రెండు వేళ్ళాడిస్తే గోదారి వెనక్కి పోతుందా అమ్మా?" అన్నాను.

"పోదండి తాతగారూ. గోదారి అక్కడే ఉంటుందండి. మామ్మగారే గట్టు మీదకి వస్తారు."

"ఎలా వస్తుంది?"

"పూర్తిగా మాకూ తెలీదండి. మనసులో కనపడే ఆ పడవ బొమ్మనీ, నా వేళ్ళనీ మనసు ఒకేసారి గట్టిగా పట్టుకోలేదు, అందుకని బొమ్మ పదును తగ్గుతుందని ఒక ఊహండి. అందరికీ ఒకేలా పని చెయ్యదు కూడానండి."

తెలీదని ఒప్పుకున్నందుకు కొంచెం గౌరవం కలిగింది. నా అసలు భయం వేరు. మా ఆవిడ చెల్లెల్ని చివరిసారి చూసింది ఆ పడవలోనే. పడవని చెరిపేస్తే పిల్ల కూడా పోదా? ఫొటో దాచాం, పేరు దాచాం. మిగిలిన ఆ ఒక్క చోటునీ నేనే దగ్గరుండి తుడిపించాలా? ఆ మాటే అడిగాను.

"చెరపడం మా వల్ల కాదండి. జ్ఞాపకం ఉంటుంది, అంతలా భయపెట్టదంతే" అంది. నేను నమ్మలేదు.

మొదటి వారం పీడకలలు ఎక్కువయ్యాయి. దెబ్బలాటకి వెళ్ళాను. "మొదట్లో కలలు ఎక్కువవుతాయని ముందే చెప్పేను కదండీ తాతగారూ" అంది ఆ అమ్మాయి. చెప్పిన మాట నిజమే. "మీరు కూర్చోండి, నేను లోపలికెళ్తాను" అంది మా ఆవిడ. నేను వరండాలో బల్ల మీద కూర్చునేవాణ్ణి. తలుపు వెనకనుంచి ఒక్కోసారి ఏడుపు వినపడేది. ఐదారు వారాలయ్యాక ఒక ఉదయం పెరట్లో చెంబు చప్పుడైంది. తలారా పోసుకుంటోంది. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

మళ్ళీ ఆపరేషనుకి బయల్దేరిన రోజున బస్సు అక్విడక్టు ఎక్కింది. కొంగు భుజం మీదే ఉంది. కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తోంది. చెయ్యి మాత్రం ముందు సీటు కమ్మీని వదల్లేదు. ఇంత నిబ్బరంగా ఉందంటే పిల్ల తన మనసులోంచి పోయినట్టేనేమో అనిపించింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అప్పుడడిగాను.

"ఏమే, ఆ రోజు పడవలో మీ చెల్లెలు ఎలా ఉంది?"

నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

"ఇన్నాళ్ళూ దాని చెయ్యొక్కటే కనపడేదండీ, నీళ్ళలోంచి. ఇప్పుడు మొహం కనపడతందండీ. పచ్చ ఓణీ వేసుకుంది, నాదే, అడక్కుండా తీసేసుకుంది. పడవెక్కుతా జామకాయ కొరికి సగం నాకిచ్చిందండి. ఉప్పు తేలేదేంటే అని కసిరేను, నవ్వేసింది. ఇంటికెళ్ళేక ఆ ఫొటో కిందకి దింపండి."