క్యోటోలో కంపు గింజలు

క్యోటో హోటల్లో పొద్దున వడ్డించే ఆమె, బయటి దేశాల వాళ్లు తినరని నా పళ్లెంలోంచి నాటో గిన్నె తీసేయబోయింది. నాటో అంటే పులియబెట్టిన సోయా గింజలు.

"పోనియ్ అవ్వా, కంపు కొడుతది" అంది నా మనవరాలు.

"బయ్యారం బస్సుల మన ఎండు చేపలను గూడ గిట్లనే కంపన్నరు. నన్ను దిగుమన్నరు. దిగిన్నా? గిన్నె ఈడనే పెట్టుమను."

మనవరాలు ఆ మాటలు ఫోన్‌లో జపాన్ భాషలోకి మార్చి వినిపించింది. వడ్డించే ఆమె పకపకా నవ్వింది. ఆ వాసన తనకూ పడదట, ఎన్నడూ తినలేదట! జపాన్ వాళ్లంతా తింటారనుకున్నాను నేను. అయినా మొహం పక్కకు తిప్పుకుని, తీగలు సాగేదాకా తినే పుల్లలతో కలిపి ఇచ్చింది.

మొదటి ముద్ద నాకూ నచ్చలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గిన్నె ఊడ్చి, ఇంకొకటి తెమ్మన్నాను.