పద్నాలుగు పూతల కింద నంబరు

2002 జూన్‌లో నన్ను గుడివాడ నుంచి మచిలీపట్నానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. మా శాఖలో కింద సహాయ ఇన్‌స్పెక్టరు, పైన ప్రాంతీయ రవాణా అధికారి, మధ్యలో మేము. జనానికి ఈ అంతరాలతో పని లేదు. ఖాకీ వేసుకున్నవాడు ఎవరైనా వాళ్లకు బ్రేక్ ఇనస్పెక్టరే. రిటైరై ఇన్నేళ్లయినా బందరు బజారులో నన్ను అలాగే పిలుస్తారు.

మా నాన్నగారు పెదపారుపూడి దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి ఉపదేశి. వాక్యం చదవడం, నలుగురి ముందు నిలబడి చెప్పడం నాకు ఇంట్లోనే అలవడ్డాయి. ఉద్యోగంలో చేరిన రోజు ఆయన ఒక నియమం పెట్టారు. ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ నియమం తప్పలేదు. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నన్ను కాపాడింది కూడా ఆ ఒక్క క్షణమే.

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. తరువాత కూడా నడపాలంటే యజమాని దరఖాస్తు పెట్టుకుని బండిని మా ముందుకు తేవాలి. మేము బ్రేకులు, లైట్లు, స్టీరింగు చూస్తాం. అన్నిటికన్నా ముందు చాసిస్ నంబరు చూస్తాం. బండి అడుగున ఉండే ఇనుప చట్రం మీద ఫ్యాక్టరీలోనే అచ్చు గుద్దిన నంబరు అది. ఇంజను మార్చవచ్చు, బాడీ మార్చవచ్చు. బండికి పుట్టుమచ్చ లాంటిది ఆ నంబరే. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి ఎక్కుతాయి. దాన్ని ఆర్.సి. పుస్తకంతో సరిచూసి ఫైలులో అంటిస్తాం. సరిపోతే ఇంకో ఐదేళ్లు.

2003 మే నెల నాలుగో వారంలో, ఒక శుక్రవారం ఉదయం, మేము బండ్లు తనిఖీ చేసే ఖాళీ స్థలానికి నీలంగా మెరిసిపోతూ ఒక జీపు వచ్చింది. ఇప్పటివాళ్లు ఎస్‌యూవీ అంటారే, ఆ జాతికి తాతగారు. నాలుగు చక్రాలూ లాగే రకం, గేరు కర్ర పక్కన ఇంకో పొట్టి కర్ర. ముగ్గురు దిగారు. నడిపినాయన యజమాని వీరాస్వామి. కోడూరు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెంలో వేట చేసే మనిషి. పక్కన ఆయన భార్య నాంచారమ్మ. చేపల బేరమంతా ఆమెదే. వెనక సీటులోంచి దిగినాయన ఆమె అన్న సాంబయ్య. పడవలకు రంగులు వేయడం ఆయన పని.

చట్రం కుడివైపు, ముందు చక్రం వెనకగా వంగి చూశాను. నంబరు ఉండాల్సిన చోట నున్నటి నీలం రంగు తప్ప ఏమీ లేదు. వేలితో తడిమితే గోలీకాయలా జారింది. పైగా కొత్త రంగు వాసన. ఆర్.సి. పుస్తకంలో చూస్తే బండి రంగు బూడిద అని ఉంది.

దొంగబండి మొదటి లక్షణం నంబరు మీద రంగు. అరగదీసి, లప్పం పెట్టి, పైన పూత వేసి తెస్తారు. అలాంటివి గుడివాడలో రెండు పట్టుకున్నాను కూడా. ఆ గర్వం నాలో ఉంది. తనిఖీ పత్రం తీసి, 'చాసిస్ నంబరు చెరిపివేయబడినది' అని సిరాతో రాసేశాను. ఆ మాట మీద నా సంతకం పడితే కాగితం ఆర్టీవో గారికి, అక్కడి నుంచి పోలీసులకు వెళ్తుంది, బండి అక్కడే ఆగిపోతుంది. అసలు యజమానే అని తేలి, కొత్తగా నంబరు గుద్దించుకోవడానికి అనుమతి రావాలంటే నెలలు పడుతుంది.

"ఈ రంగు ఎప్పుడు వేశారు?" అని అడిగాను.

"పోయిన ఆదివారమేనండి," అన్నాడు వీరాస్వామి సంతోషంగా. "తమరి ముందుకి తెస్తన్నాం కదా, మాసిన బండి తేకూడదని."

"నంబరు మీద కూడానా?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాంచారమ్మ అన్నగారి వైపు తిరిగి, "నీకు బ్రష్షిస్తే చక్రాలకి గాలి కొట్టే మూతక్కూడా వేస్తావు గదరా అన్నాయ్," అంది.

సాంబయ్యకు కోపం వచ్చింది. "ఉప్పుగాలికి సందిస్తే ఇనుం నిలబడుద్దా? సందు లేకుండా వెయ్యటమే పనితనం. నీ మొగుడు నడిపేది ఇనుం కాదు, నా రంగు."

అప్పుడు తేలిన విషయం ఇది. చల్లపల్లిలో ఒక రైసు మిల్లు ఆసామి దగ్గర రెండేళ్లు నడిచిన ఆ జీపును వీరాస్వామి 1990లో కొన్నాడు. ఏటా వేసవిలో పడవలు ఒడ్డుకెక్కించి బాగుచేసుకుని, మళ్లీ నీళ్లలోకి దించేముందు రంగులు వేసి గంగమ్మకు పూజ చేస్తారు. ఆ పడవల వరుసలోనే జీపును నిలబెట్టి, అదే డబ్బాలోంచి అదే రంగు దానికీ వేసేవాళ్లు. ఏటా ఒక పూత. ఇది పద్నాలుగోది.

కథ బాగుంది. కానీ కథలు దొంగలు కూడా బాగానే చెబుతారు. సంతకానికి పెన్ను ఆనించి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాను. మూసుకున్న కళ్లలో నేను రాసిన మాటే నిలబడింది: చెరిపివేయబడినది. నేను చెరిపినట్టు చూశానా? లేదు. నంబరు కనబడకపోవడం మాత్రమే చూశాను. పైకి కనిపించేదాన్ని బట్టి తీర్పు తీర్చవద్దని అంతకు ముందు ఆదివారమే సంఘంలో ముప్పావు గంట ప్రసంగించినవాణ్ణి నేను. పెన్ను మూత పెట్టేశాను.

"గీకండి," అన్నాను. "నా కళ్ల ముందు గీకాలి. మిషను పెట్టడానికి వీల్లేదు, అంకెలు అరిగిపోతే ఇంక దేవుడే దిక్కు. చేత్తో, పొర పొరగా."

అంకెలు బయటపడతాయన్న నమ్మకం నాకు లేదు, వాళ్లకూ లేదు. పదమూడేళ్లు సముద్రం నీళ్లలో దిగిన బండి. లోపల ఇనుమును తుప్పు తినేసి ఉంటే నేను రాసిన మాటే నిలబడుతుంది. వేసవిలో ప్రభుత్వం పెట్టే వేట నిషేధం ముగిసి పడవలు కదలడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ పాలేనికి చేపలు మోసే బండి అదొక్కటే.

సాంబయ్య సంచిలోంచి పడవలు గీకే ఉలి తీశాడు. వీరాస్వామి గోనెపట్టా పరిచాడు. బండి నిద్రగన్నేరు చెట్టు నీడలో ఉండటం నా అదృష్టం; నేనూ అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

నీలం ఊడి పచ్చ వచ్చింది. పచ్చ కింద ఎరుపు. ప్రతి పొరకూ వాళ్లకొక గుర్తుంది.

"ఈ పచ్చ, పెద్ద వల కొన్న ఏడు," అంది నాంచారమ్మ.

"ఈ ఎరుపు మా బావ పడవ తిరగబడ్డ ఏడండి. ఈత మర్చిపోయి నీళ్ల డబ్బా పట్టుకుని తేలాడు," అన్నాడు వీరాస్వామి.

"మర్చిపోలేదు, డబ్బా పోద్దని పట్టుకున్నా," అన్నాడు సాంబయ్య గీకుతూనే.

పసుపు వచ్చినప్పుడు ముగ్గురూ నవ్వారు. ఆ ఏడు ఎన్నికలొచ్చాయట. ఎక్కడ ఆపినా జనం పార్టీ బండి అనుకుని, మీటింగు ఎక్కడని అడిగి బండెక్కేవారట. లారీల పని మీద వచ్చినవాళ్లు, ఆటోవాళ్లు చుట్టూ చేరారు. తరువాత ఏ రంగు వస్తుందని వాళ్లలో వాళ్లు పందేలు మొదలుపెట్టారు.

పని నెమ్మదిగా సాగుతుంటే నేను వీరాస్వామిని అడిగాను, ఇంత పాత బండి మీద ఎందుకింత మమకారమని. ఆ ప్రశ్న ఈ డెల్టాలో చాలామందిని అడిగాను. ముదినేపల్లి వైపు చెరువు గట్ల మీద తిరిగే రైతులు, వానాకాలం రేగడిలో నడిచేది ఇదొక్కటేనని చెప్పేవారు. వీరాస్వామి కాస్త ఆలోచించి చెప్పాడు.

"ఇసకలో పడవకి తాడేసి లాగాలంటే పొట్టికర్ర వెయ్యాలండి. అది వేస్తే చాలు, పడవ కుక్కపిల్లలాగ వెనకే వచ్చిద్ది. ముందు ఇరవై మందిమి లాగేవాళ్లం. ఇంకోటేంటంటే, దీని బోల్టులకి మా బోటింజను పానాలే సరిపోతాయి. ఎక్కడాగినా పాలెంలో ఎవరో ఒకరు విప్పి బిగించగలరు."

"బెజవాడలో కొత్త బండి చూపించాడండి ఈయన," అంది నాంచారమ్మ. "ఏసీ ఉంది. పాటలున్నాయి. నేను ఎక్కి కూచుని, చేపల గంప ఎక్కడ పెట్టాలి బాబూ అని షోరూము కుర్రోణ్ణి అడిగా. మన రంగు వేసుకోవచ్చా అని అడిగాడు మా అన్నాయ్. కంపెనీ రంగు మీద రంగేస్తే గ్యారంటీ పోద్దంట."

"రంగెయ్యనివ్వని బండి మనదెలాగవుద్ది?" అన్నాడు సాంబయ్య. ఆయన తమాషాకు అనలేదు.

పన్నెండున్నర దాటాక పద్నాలుగో రంగు కూడా ఊడింది. దాని కింద, రంగులకన్నా ముందు తుప్పు పట్టకుండా వేసిన ఎర్రటి రెడాక్సైడు. దాని కింద బూడిద రంగు. ఆర్.సి. పుస్తకంలో ఉన్న బూడిద. నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచాను. ఆ ఇనుము మీద చిన్న తుప్పు మరక కూడా లేదు. ఉప్పు లోపలికి పోవడానికి సాంబయ్య పదమూడేళ్లలో ఒక్క సందు ఇవ్వలేదు.

కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చుట్టూ చేరినవాళ్లు పైకి చదువుతుంటే నేను పుస్తకంలో సరిచూస్తున్నాను. అన్నీ కలిశాయి. చివరి అంకె దగ్గర ఆగాం. పుస్తకంలో ఎనిమిది ఉంది. ఇనుము మీద మూడు కనబడుతోంది.

ఒక్క అంకె తేడా అయినా అది వేరే బండి కిందే లెక్క. సాంబయ్య ఉలి ఎత్తబోతే వద్దన్నాను, గీత పడితే మళ్లీ సరిదిద్దలేం. వీరాస్వామి గోనెపట్టా మీద కూర్చుండిపోయాడు.

నాంచారమ్మ చేతి గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. "జరుగు," అంది అన్నతో. బొమ్మిడాయి ముల్లు తీసినంత నెమ్మదిగా ఆ అంకె ఎడమ పక్కన పొడవసాగింది. గట్టిపడిన ఎర్ర రంగు ఆవగింజంత ముక్క రాలింది. తరువాత ఇంకొకటి. మూడుకు ఎడమవైపు రెండు వంపులు వచ్చాయి.

కాగితం పెట్టి పెన్సిలుతో నేనే రుద్దాను. ఎనిమిది, అచ్చు తప్పులేకుండా.

ఆటోవాళ్లు ఈలలు వేశారు. నాంచారమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని "గంగమ్మ తల్లే," అంది. అదే క్షణంలో నేను "ప్రభువుకు స్తోత్రం," అన్నాను. ఇద్దరమూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. నేను ముందు రాసిన మాటను ఒక గీతతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి, 'రంగు పొరల కింద ఉండెను. తొలగించి సరిచూడబడినది' అని రాశాను. బ్రేకులు, లైట్లు చూశాను. అన్నీ బాగున్నాయి. రంగు మార్పును కూడా పుస్తకంలో నమోదు చేయించాను: నీలం. ఇకమీద రంగు మార్చదలచుకుంటే ముందు మా ఆఫీసుకు చెప్పాలని సాంబయ్యకు గట్టిగా చెప్పాను. ఏడాదికొక రంగు వేసే మనిషికి అది పెద్ద శిక్షే అయింది. "జీవితాంతం నీలమేనాండి?" అని దిగులుగా అడిగాడు.

వేట మొదలైన తరువాత, జూన్ రెండో వారంలో, ఆ పక్క ఒక సంఘంలో ప్రార్థన కూడికకు వెళ్తూ పాలెం దాకా పోయాను. ఇసుకలో జీపు పడవను లాగుతోంది. వీరాస్వామి నన్ను చూసి ఆపలేదు, పొట్టికర్ర మీద చెయ్యి తీయకుండా తల మాత్రం ఊపాడు. నాంచారమ్మ పండుగప్పలు రెండు పొట్లం కట్టి ఇవ్వబోయింది. వద్దన్నాను. ఎవరి ఫైలు నా చేతిలో ఉందో వాళ్ల దగ్గర చేప తీసుకోకూడదని చెప్పాను. "ఐతే తిని వెళ్లండి, తింటే ఫైలుకెక్కదు కదా," అంది. అదీ కుదరదని చెప్పి మజ్జిగ తాగి వచ్చాను. ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పే సమయంలో, నేను రాసి కొట్టేసిన ఆ మాట గురించే చెప్పాను.

పదవీ విరమణకు ముందు చివరి పోస్టింగు కూడా నాకు బందరులోనే వచ్చింది. 2008లో ఐదేళ్ల గడువు తీరి అదే జీపు మళ్లీ వచ్చింది. నీలం మీద నీలం, ఐదు పూతలు. వంగి చూస్తే చట్రం మీద నంబరు ఉన్న చోట ట్యూబు ముక్కతో చేసిన చిన్న తలుపు ఉంది. ఎత్తితే గ్రీజు. గ్రీజు తుడిస్తే అంకెలు కొత్తవాటిలా ఉన్నాయి. చుట్టూ అంచులు గీత గీసినట్టు సాంబయ్య రంగు వేశాడు, ఒక్క చుక్క లోపలికి పోలేదు. పని పది నిమిషాల్లో ముగిసింది. "మా పాలెంలో ఇప్పుడు బోటింజన్ల నంబర్లక్కూడా తలుపులు పెట్టానండి," అని చెప్పాడాయన.

ఆ శుక్రవారం నుంచి రిటైరయ్యే వరకు 'చెరిపివేయబడినది' అన్న మాటను, గీకించి చూడకుండా ఏ బండి మీదా రాయలేదు. ముందు 'కనిపించుట లేదు' అని రాసేవాణ్ణి. అది నేను చూసింది. మిగతాది తేలాక రాసేవాణ్ణి. నా కింద పనిచేసిన సహాయ ఇన్‌స్పెక్టర్లకు కూడా అదే నేర్పాను. పాత బండ్ల యజమానుల గురించి తెలుసుకున్నది కూడా ఒకటుంది. తమ చేత్తో విప్పి, బిగించి, రంగు వేసుకోగలిగిన బండిని మనుషులు అంత తేలిగ్గా వదలరు. అలాంటి బండి వచ్చినప్పుడు తనిఖీకి ఒక పూట ఎక్కువ కేటాయించాలి.