ఓడిపోవలసిన బల్ల

బెర్నీస్ గార్నెట్ చేతుల గురించి ముందు చెప్పాలి. ఆ కుటుంబం పడ్డ తిప్పలన్నీ ఆ చేతుల వల్లే.

పెళ్ళి కాకముందు నుంచి, కూతురు టెస్సా చదువయ్యి సెలూన్‌లో జుట్టు కత్తిరించే పనికి కుదిరేదాకా, బెర్నీస్ బ్లాక్‌పూల్‌లో ఒక కేసినోలో రౌలెట్ చక్రం తిప్పింది. బంతి గిరగిరా తిరిగి, ఎరుపో నలుపో రంగున్న ఏదో ఒక అంకె గూట్లో పడేది. అందరూ ఆ బంతి వంక చూస్తుండగానే డబ్బుకు బదులు పందెం కాసిన బిళ్ళల్లో ఓడినవన్నీ ఆవిడ అరచేతుల కిందికి వచ్చేసేవి. గెలిచినవాళ్ళకు ఇవ్వాల్సినవి, ఒక్కటి ఎక్కువా తక్కువా లేకుండా, వాళ్ళ ముందు బారుగా నిలబడేవి. నెత్తిమీద కెమెరాలు. బల్ల వదిలి వెళ్ళేటప్పుడు, ఏమీ దాచలేదని అరచేతులు తిరగేసి ఆ కెమెరాలకు చూపించాలి. ఇంట్లో గిన్నెలు కడిగి సింకు దగ్గర్నుంచి కదిలేటప్పుడు కూడా ఆవిడ వంటింటి కప్పుకు చేతులు చూపించేది.

"నేనేమీ అనుకోనులే బెర్నీ, చెంచాలు కావాలంటే ఉంచేసుకో" అనేవాడు మొగుడు క్లైవ్. అతను వడ్రంగి.

ఆ కేసినో మూతపడ్డాక ఈ వ్యాపారం ఆలోచన క్లైవ్‌కే వచ్చింది. "చక్రం తిప్పడం నీకొచ్చు, బల్లలు చెయ్యడం నాకొచ్చు. ఇంకేం కావాలి?" అన్నాడు. అప్పటికే పనసతొనలా నున్నగా చిత్రిక పట్టిన ఓక్ చెక్క ఒకటి షెడ్డులో ఉంది. పాత రొట్టెల వ్యాను ఒకటి కొని, దాని పక్కన 'గార్నెట్ కేసినో విందులు' అని రాయించారు. పెళ్ళిళ్ళకు, క్లబ్బుల వేడుకలకు బల్లలు అద్దెకు పట్టుకెళ్ళి ఆడించి రావడమే పని. నిజం డబ్బు మాటే లేదు. వచ్చిన ప్రతి అతిథికీ దోసెడు బిళ్ళలు ఉచితంగా ఇస్తారు. ఆట ముగిసేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే బహుమతి వాళ్ళది. చక్రం బెర్నీస్‌ది, పేకముక్కల బల్ల టెస్సాది. క్లైవ్‌కు నల్లకోటు తొడిగి గుమ్మంలో నిలబెట్టారు.

మొదటి విందు రగ్బీ క్లబ్బువాళ్ళది. బెర్నీస్ ఎంత బాగా ఆడించిందంటే, సూపు గిన్నెలు ఎత్తేలోపు బిళ్ళలన్నీ బల్ల ఇవతలికి, ఆవిడ ముందుకే వచ్చేశాయి. అంతలేసి మనుషులు జేబులు తడుముకుని, భుజాలు ఎగరేసి, బారు వైపు నడిచారు. చక్రం ఒంటరిగా మిగిలింది. క్లబ్బు కార్యదర్శి వచ్చి, "ఏమ్మా, వినోదానికి పిలిస్తే మావాళ్ళను నిలువుదోపిడీ చేశావే!" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, మళ్ళీ పిలవలేదు. ఆ తర్వాతి రెండు విందులూ అంతే.

సంగతి ఏమిటంటే, ఈ వ్యాపారం కేసినోకి తలకిందులు. అక్కడ బల్ల గెలిస్తే జీతాలు. ఇక్కడ బల్ల గెలిస్తే విందు చచ్చిపోతుంది. ఆడేవాళ్ళ దగ్గర బిళ్ళలుంటేనే వాళ్ళు బల్ల దగ్గరుంటారు. గార్నెట్‌లు ఉండే మా మోర్కంబ్ ఊళ్ళో ఇది చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. బెర్నీస్ బుర్రకూ అర్థమైంది. చేతులకే కాలేదు.

"అమ్మా, గెలిచినవాడికి నాలుగు ఎక్కువివ్వు. ఓడినవాడి బిళ్ళలు చూడనట్టు వదిలెయ్యి. మిగతా కంపెనీలన్నీ అలాగే చేస్తాయి" అంది టెస్సా. వంటింటి బల్ల మీద సాధన పెట్టింది. "ఇదిగో, ఎరుపు మీద పెట్టాను. నలుపు వచ్చింది. నాది తీసుకోకు, సరేనా?"

"సరే."

"మరి నా బిళ్ళ ఏది?"

"ఏమో, ఇక్కడే ఉండాలే."

"నీ చేతి కింద ఉందే అమ్మా! నీకు దొంగతనం చేతకాదు, సరే. దానం కూడా చేతకాదా?"

బెర్నీస్ చెయ్యెత్తి చూసుకుంది. నిజంగానే ఉంది. సిగ్గుతో మొహం కందగడ్డ అయింది. ఎక్కువ ఇవ్వబోతే వేళ్ళు బిగుసుకుపోయేవి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పనితో వచ్చిన బుద్ధి అంతకన్నా మొండిది.

అలాంటి సమయంలో హాథర్లీ హోటల్ మేనేజరు మిసెస్ ప్రిచర్డ్ కబురు పెట్టింది. సముద్రం ఒడ్డున ఆ హోటల్ ఉంది. వేసవిలో కాలు పెట్టడానికి చోటుండదు. చలికాలం వస్తే ఈగలు తోలుకోవాలి. శీతాకాలం శనివారాలన్నిటికీ కేసినో విందులు పెట్టాలని ఆవిడ ఆలోచన. "వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా హోటల్లో హార్న్‌బెక్ బాకాల బ్యాండువాళ్ళ వార్షిక భోజనం ఉంది. ఆడించి చూపించండి. మనుషులు బల్ల దగ్గర నిలబడితే శనివారాలు మీవి. బారు దగ్గర నిలబడితే నాకు మీ అవసరం లేదు. వాళ్ళకు బారు దారి నేను చూపించగలను" అంది. మాటలో మెత్తదనం మచ్చుకైనా లేదు.

ఆ రాత్రి క్లైవ్ టీ కలుపుకుంటూ, మొహం ఎటో పెట్టి అన్నాడు. "ప్రెస్టన్‌లో ఫర్నిచర్ గోడౌనులో పని ఇస్తామన్నారు. బల్లలు కొంటానని మాంచెస్టర్ వాడొకడు అడుగుతున్నాడు. ఈ ఆదివారం గట్టెక్కకపోతే ఇచ్చేద్దాం బెర్నీ."

కిటికీ కూడా లేని గదిలో, ఎవడి ఇల్లు గుల్లవుతోందో తెలిసి కూడా నోరు మూసుకుని, సగం జీవితం చక్రం తిప్పింది బెర్నీస్. ఈ కొత్త పనిలో మొట్టమొదటిసారి ఓడినవాడు కూడా నవ్వడం చూసింది. కూతురు పక్క బల్ల దగ్గర కబుర్లు చెబుతుంటే, మొగుడు తను చేసిన బల్లను చొక్కా చేత్తో తుడుస్తుంటే, ఇంటిల్లిపాదీ ఒక్క వ్యానులో పాటలు పాడుకుంటూ వెళ్ళడం ఆవిడకు ఇష్టం. చాలా ఇష్టం. దాన్ని పోగొట్టుకోవడం ఆవిడ వల్ల కాదు.

ఆదివారం వచ్చింది. బ్యాండువాళ్ళు వెన్నలో నిలవచేసిన చిట్టి రొయ్యలు, వేపిన గొడ్డుమాంసం, పుడ్డింగులు సుబ్బరంగా లాగించి బెల్టులు వదులు చేసుకున్నారు. బాకాలూదే జనం కదా, ఊపిరితిత్తులు కొలిమి తిత్తులు. వాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటేనే కిటికీ అద్దాలు అదిరాయి. ట్యూబా ఊదే నార్మన్ స్పీక్‌మన్ పెద్ద బొజ్జతో అందరికంటే ముందు చక్రం దగ్గరికొచ్చి, "తిప్పవమ్మా తల్లీ, ఇవాళ నా జాతకం బాగుంది!" అని అరిచాడు.

బెర్నీస్ తిప్పింది. బంతి పడింది. చేతులు కదిలాయి.

మళ్ళీ తిప్పింది. ఒకడు గెలిచాడు, ఎనిమిదిమంది ఓడారు. వదిలెయ్, వదిలెయ్ అని లోపల్నుంచి తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. చేతులు చీపుర్ల మాదిరి ఊడ్చేస్తూనే ఉన్నాయి. పక్క బల్ల నుంచి టెస్సా కళ్ళతోనే తిట్టింది. గుమ్మంలో క్లైవ్ పక్కన మిసెస్ ప్రిచర్డ్ చేతులు కట్టుకు నిలబడింది. ఆవిడ చూపు బల్ల మీద నుంచి బారు మీదికి, బారు మీద నుంచి బల్ల మీదికి తిరుగుతోంది.

మొదట ఖాళీ అయింది ఎడ్నా బ్రాక్‌బ్యాంక్. కార్నెట్ ఊదే ముసలావిడ. ఉన్న బిళ్ళలన్నీ ఏడు మీదే పెట్టి పోగొట్టుకుంది. ఊలు కోటు భుజాన వేసుకుని లేచింది. ఆవిడ లేస్తే ఆవిడ పక్కవాళ్ళు లేస్తారు. ఇలాంటివి బెర్నీస్ చాలా చూసింది. ఒక కుర్చీ కదిలితే వరస మొత్తం కదులుతుంది.

"ఎక్కడికండీ ఎడ్నా గారూ?"

"బిళ్ళలు అయిపోయాయి కదమ్మా. ఇక్కడ నాకేం పని? ఓ కప్పు టీ తాగి బస్సెక్కుతా."

అప్పుడు ఏ దేవుడు పలికించాడో గానీ, బెర్నీస్ నోటివెంట ఒక మాట వచ్చేసింది. "ఇవతల పని ఉంది. ఇటు రండి."

బల్లకు ఇవతలి వైపు! కేసినోలో అటువైపు మనిషి ఇటు అడుగు పెడితే గంటలు మోగుతాయి. అయినా బెర్నీస్ పక్కకు జరిగి చోటిచ్చింది. "బంతి పట్టుకోండి. చక్రం ఇటు తిప్పి, బంతి అటు విసరాలి. అంతే."

"నేనా? నా చేతులకు కీళ్ళవాతం తల్లీ!"

"బంతికి ఆ సంగతి తెలీదు లెండి."

ఎడ్నా విసిరింది. బంతి చక్రంలో పడితేనా! గింగిరాలు కొట్టి, ఎగిరి, ఒకడి బీరు గ్లాసుకు తగిలి, బీరువా కిందికి దొర్లిపోయింది. హాలంతా గొల్లుమంది. నార్మన్ అంతటివాడు మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి, బొజ్జ అడ్డం పడి చెయ్యి అందక నానా అవస్థా పడి, దుమ్ము కొట్టుకున్న బంతిని పైకెత్తి చూపించాడు. వెనక నుంచి ఎవడో బాకా తీసి విజయభేరి ఊదాడు.

రెండోసారి బంతి చక్రంలోనే తిరిగింది. "ఇక పందేలు ఆపండి!" అని ఎడ్నా అరిచిన అరుపుకు, ఇరవై ఏళ్ళు తగ్గిపోయినట్టు వెలిగింది ఆవిడ మొహం. బంతి ఆగింది. గెలిచింది ఆవిడ స్నేహితురాలు. "నీకెంతివ్వాలే? ఏమో, ఇదిగో!" అని రెండు దోసిళ్ళు పోసింది. ఓడినవాడు బిక్కమొహం పెడితే, "అయ్యో పాపం, నువ్వూ తీసుకోరా" అని వాడికీ పోసింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చుంటేనేం? బల్ల ఇవతలున్న బిళ్ళల కొండ కరిగి, వాగై అవతలికి పారింది.

బెర్నీస్‌కు ప్రాణం పోతున్నట్టుంది. అన్నీ తప్పులే! ఒక్క లెక్కా సరిగ్గా లేదు! చేతులు ముందుకు పోబోతుంటే వెనక్కి కట్టుకుని, వేళ్ళలో వేళ్ళు బిగించి పట్టుకుంది. ఆ చేతులు ఎవరికీ ఎక్కువ ఇవ్వలేవు, నిజమే. కానీ ఇంకొకరు ఇస్తుంటే ఊరుకోవడం నేర్చుకోగలవు.

"ఇదిగో, అందరూ వినండి!" అని అరిచింది. "బిళ్ళలు అయిపోయినవాళ్ళు ఇంటికి కాదు, ఇటు రావాలి! చక్రం వాళ్ళదే!"

అంతే. తేనెతుట్టె కదిలినట్టయింది. బారు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు వదిలేసి వచ్చారు. డ్రమ్ములు వాయించేవాడు ఉన్నదంతా ఒక్కసారే పోగొట్టుకుని, ఇవతలికి దూకి, బంతి తిరిగినంతసేపూ బల్ల అంచు మీద దరువు వేశాడు. పక్కన టెస్సా కూడా కనిపెట్టేసింది. "ఓడినవాళ్ళు ముక్కలు పంచాలి!" అని కేక పెట్టింది. అక్కడ ఒకావిడ ముక్కలు బొమ్మలు పైకి పెట్టి పంచుతుంటే నవ్వలేక చస్తున్నారు జనం.

నార్మన్ బాధ మాత్రం వేరు. చక్రం తిప్పాలని అతనికి మహా ఆరాటం. తిప్పాలంటే ఓడాలి. ఉన్నదంతా తెచ్చి ఒక్క అంకె మీద, పదమూడు మీద పెట్టాడు. "ఇది చచ్చినా రాదు" అన్నాడు ధీమాగా.

పదమూడే వచ్చింది.

"ఛీ, నా బతుకు!" అని నెత్తి కొట్టుకున్నాడు. రెండు చేతులకూ పట్టనన్ని బిళ్ళలు అతని ముందు పోశారు. గుప్పిళ్ళకొద్దీ అటూ ఇటూ చల్లాడు. అయినా వచ్చిపడుతూనే ఉన్నాయి. పెద్ద మగాడు, ఏడవబోయే పసివాడి మొహం పెట్టుకుని, హాల్లో అందరికంటే ధనవంతుడిగా నిలబడ్డాడు.

గుమ్మం దగ్గర్నుంచి మిసెస్ ప్రిచర్డ్ కదిలింది. నేరుగా చక్రం దగ్గరికొచ్చింది. నవ్వులు కొంచెం తగ్గాయి.

"మిసెస్ గార్నెట్, నేను మిమ్మల్ని ఆడించమని పిలిచాను. మీరేమో చేతులు కట్టుకుని గోడకానుకున్నారు. పనంతా నా అతిథుల చేత చేయిస్తున్నారు."

గుమ్మంలో క్లైవ్ తల దించుకున్నాడు.

"అవునండీ" అంది బెర్నీస్. అబద్ధం ఆడడం కూడా ఆవిడకు చేతకాదు.

"నా బారులో ఒక్క పురుగు లేదు."

"అవునండీ."

"సరే. జరగండి." మిసెస్ ప్రిచర్డ్ కోటు విప్పి ఎడ్నా చేతిలో పెట్టింది. చొక్కా చేతులు మడుచుకుంది. "ఈసారి తిప్పేది నేను. కాసేది మీరు."

బెర్నీస్ నోరెళ్ళబెట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క పందెం కాసి ఎరుగదు. కేసినోలో పనిచేసేవాళ్ళు కాయకూడదు. ఆ తర్వాత తీరిక లేదు. బల్లకు అవతలి వైపు ఎలా ఉంటుందో కూడా ఆవిడకు తెలీదు. తటపటాయిస్తూ చుట్టూ తిరిగి వెళ్ళింది. "నా దగ్గర బిళ్ళల్లేవు" అంది.

"నావి తీసుకో తల్లీ! అన్నీ తీసుకో! పుణ్యముంటుంది!" అంటూ నార్మన్ తన గుట్టంతా ఆవిడ ముందుకు తోసేశాడు.

మొత్తం ఎరుపు మీద పెట్టింది. చక్రం తిరిగింది. ఊపిరి బిగబట్టి, మునివేళ్ళ మీద లేచి నిలబడింది. ఓహో, ఇదా వీళ్ళకు ఉండేది! ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి చూస్తూ కూడా ఇది తెలుసుకోలేదే! బంతి ఎరుపులో పడింది, లేచింది, పక్కకు దొర్లింది, నలుపులో కూర్చుంది.

"అయ్యో!" అని హాలంతా ఒక్క గొంతుతో మూలిగింది. అందరికంటే గట్టిగా బెర్నీస్ అరిచింది. అరిచి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

మిసెస్ ప్రిచర్డ్ ఆ గుట్టనంతా మోచేత్తో చిన్నపిల్లలా ఇవతలికి లాక్కుంది. సగం కింద పడ్డాయి. "అక్టోబరు నుంచి ప్రతి శనివారం" అంది ఆయాసపడుతూ. "ఇలాగే ఓడిపోవడానికి రావాలి. ముగ్గురూ."

క్లైవ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి పెళ్ళాన్ని ఎత్తి గిర్రున తిప్పాడు. బాకాలన్నీ ఒక్కసారి మోగాయి. ఆ గోలలో నార్మన్ తన ఖాళీ చేతులు రెండూ పైకెత్తి, బొజ్జతో దారి చేసుకుంటూ బల్ల ఇవతలికి వచ్చేస్తున్నాడు.

"నావన్నీ పోయాయి! చూశారుగా, ఒక్కటి లేదు! ఆ బంతి ఇలా ఇవ్వండమ్మా!"