లీలావతి వేలి మీది ఉచ్చు గుర్తు

ముక్తేశ్వరం సెంటర్లో ఎవర్నైనా ఆపి "ఎలుకల సాలమోను ఇల్లెక్కడండీ?" అని అడగండి. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కొత్తకోడలు కూడా మా సందు చూపిస్తుంది. అటు ముమ్మిడివరం దాకా, ఇటు ఏటిపాయ దాటి అప్పనపల్లి దాకా నేను ఎలుక బుట్ట పెట్టని చేలగట్టు లేదు. చదివింది మిషను బడిలో ఐదో తరగతి. అయినా వ్యవసాయశాఖ వారు రైతులకు మీటింగు పెడితే నన్ను పిలిచి స్టేజీ మీద కూర్చోబెట్టేవారు. మైకు ముందు నా గొంతు ఎన్నడూ వణకలేదు. పంచాయతీ వారు శాలువా కప్పారు. పేపరువాళ్ళు జిల్లా పేజీలో ఫొటో వేశారు. ఆ ఫొటోలన్నీ మా గోడ మీద ఉన్నాయి, వచ్చి చూడవచ్చు.

మా చర్చి వార్షికోత్సవ సంచికకు, ఈ ఏడు ప్రభువు దగ్గరికి వెళ్ళిన వారి గురించి ఇంటివాళ్ళు రెండు ముక్కలు రాసి ఇమ్మన్నారు. నా భార్య లీలావతి గురించి రాయాలి. రెండు ముక్కల్లో తేలేది కాదు. పైన చెప్పిన నా ఘనతలన్నీ ముందు రాసిందెందుకంటే, అవన్నీ ఆవిడవే. బుట్టలు పెట్టినవాణ్ణి నేను. అల్లిన మనిషి లీలావతి.

ఎలుక బుట్ట చూడనివారు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు. సన్నగా చీల్చిన వెదురు పేళ్ళతో మూరెడు పొడుగున అల్లిన గొట్టం అది. ఒక కొస మూసి ఉంటుంది, రెండో కొస నోరు. నోట్లో తాటినారతో పేనిన ఉచ్చు. పైన వెదురుబద్దను విల్లులా వంచి, ఉచ్చును దానికి కట్టి, చిన్న పుల్లతో ఆపి ఉంచుతాం. లోపల నానబెట్టిన వడ్లు. ఎలుక తల దూర్చి వడ్లు లాగగానే పుల్ల జారుతుంది, విల్లు లేస్తుంది, ఉచ్చు బిగుస్తుంది. అంతే. మందు లేదు, కరెంటు తీగ లేదు. కుక్క చావదు, కొంగ చావదు. ఒకరి చేలో నేను మందు పెట్టి ఎరగను. గర్వంగానే చెబుతున్నాను.

లీలావతిది అప్పనపల్లి అవతల ఊరు. వాళ్ళ నాన్న పోలయ్యగారు బుట్టలల్లి అమ్మేవారు. నేను కుర్రతనంలో బుట్టలు కొనడానికి వెళ్ళి, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నాను. అల్లిక అద్దంలా ఉంది.

"ఇవెవరు అల్లేరండీ?" అన్నాను పోలయ్యగారితో.

ఆయన నోరు తెరిచేలోగా లోపలినుంచి ఆడగొంతు వినిపించింది. "అల్లినోళ్ళ పేరు తెలిత్తే ఎలకలు ఎక్కువ పడతాయాండీ?"

గొంతుతోపాటు మనిషి కూడా గుమ్మంలోకి వచ్చింది.

"తలకి అంత నూనె దట్టించి, ఆ చేత్తోనే బుట్ట పట్టుకున్నారు. ఇంక దాంట్లో ఎలక పడదండి. మీ అత్తగారు పడతారు."

"నాకింకా అత్తగారు లేరండి," అన్నాను.

"అయితే తీసుకెళ్ళండి, పనికొత్తది."

పోలయ్యగారు దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ ఏడు వేసవిలోనే మా పెళ్ళి అయింది. పాస్టరుగారు ప్రమాణం చేయిస్తుంటే, లీలావతి కళ్ళు దించుకుని నా చేతులకు నూనె ఉందేమోనని చూస్తోంది.

లీలావతికి ఒక పద్ధతి ఉండేది. బుట్ట పూర్తయ్యాక, విల్లును సగం వంచి, తన కుడిచేతి చూపుడువేలు బుట్ట నోట్లో పెట్టి పుల్లను కదిపేది. ఉచ్చు టప్పున వేలికి బిగిసేది. అప్పుడు వేలు పైకెత్తి చూసుకుని, "పట్టిందండీ," అని బుట్టను పక్కన పెట్టేది. పట్టకపోతే ఎంత అందంగా అల్లినా విప్పేసేది. తన వేలికి బిగియని బుట్ట మా ఇల్లు దాటలేదు. అలా ఏళ్ళ తరబడి బిగిసి బిగిసి ఆ వేలి చుట్టూ గాడి పడిపోయింది. చేతిలో డబ్బాడినప్పుడు ఉంగరం చేయిస్తానంటే, "ఇదుంది గదండీ," అని ఆ వేలు చూపించేది.

రెండో పద్ధతి, బుట్టలను కడగకూడదు. కొత్త బుట్టలో మనిషి చేతి వాసన ఉంటుంది. దాన్ని పాత బుట్టల కుప్పలో ఒక పంటకాలం పడుకోబెట్టాలి. చేను వాసన, ఎలుక వాసన పడితే గాని ఎలుక నమ్మదు. వర్షంలో తడిసినా నీడనే ఆరబెట్టేది.

ఒక ఏడు దాళ్వాలో, అంటే రెండో పంటకి, ఎలుకలు కాలవగట్టు నుంచి మురుగుకాలవ దాకా చేలమీద పడ్డాయి. దుబ్బు దుబ్బే కొరికేశాయి. ఊళ్ళో పెద్దరైతు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు చేను మీద ఆశ వదులుకున్నారు. నేను గట్టు పొడుగునా బుట్టలు పరిచాను. తెల్లారి ఏ బుట్ట ఎత్తినా బరువే. నూర్పిళ్ళు అయ్యాక ఆయన స్వయంగా మా గుమ్మంలోకి వచ్చి, "సాలమోనూ, ఈ పంట నేను పండించలేదయ్యా, నువ్వు పండించేవు," అన్నారు.

లోపలినుంచి లీలావతి అందుకుంది. "ఆయన పండించేరండి, నేను అల్లేనండి, తమరు తినండి."

రావుగారు పడీపడీ నవ్వారు. పంచాయతీలో శాలువా కప్పించింది ఆయనే. దాన్ని ఇంటికి తెచ్చి చూపిస్తే, లీలావతి వేళ్ళతో నలిపి చూసి, "మెత్తగా ఉందండి. వడ్లు నానబోసి మూట కట్టుకోడానికి బావుంటది," అంది. అన్నంత పనీ చేసింది. ఫొటోలో ఉన్న శాలువా ఇప్పుడు మా ఇంట్లో లేకపోవడానికి కారణం అది.

మాకు ఒక్కతే కూతురు, శారోన్. దానికి బుట్ట అల్లడం నేర్పుదామంటే లీలావతి ఒప్పుకోలేదు. "పేళ్ళు కోసుకున్న చేతులు ఈ ఇంటికి నావి చాలండి. దాని చేతిలో సూదిమందు ఉండాలి," అంది. అలాగే చదివించాం. శారోన్ రాజమండ్రిలో నర్సు. మా పేటలో ఆ ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల మా అమ్మాయే.

నిరుడు తొలిపంట సార్వా కోతలప్పుడు లీలావతి వెదురు చీలుస్తూ కత్తితో సహా పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక ఆ నోట ఒక్క మాటే మిగిలింది. ఆయ్. మా వైపు ఎదుటివారు చెప్పిందానికి ఔనని మర్యాదగా అనే మాట. ఆకలైనా ఆయ్, నొప్పి అయినా ఆయ్, పక్క తడిసినా ఆయ్. అంత మాటకారి నోట్లో ఆ ఒక్క మాట తిరుగుతుంటే నేను పెరట్లోకి వెళ్ళి నిలబడేవాణ్ణి.

శారోన్ సెలవు పెట్టి వచ్చింది. ఒకరోజు నేను లీలావతిని ఆటోలో అమలాపురం డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. పక్షవాతం ఇంకోసారి వస్తే తట్టుకోలేరని డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. తిరిగివచ్చేసరికి మా వాకిలంతా ఫినాయిలు వాసన. బట్టలారేసే దణ్ణెం మీద, కంచె మీద, కొబ్బరిమట్టల మీద, ఎండలో మా బుట్టలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి.

శారోన్ చెయ్యి తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "చూసేరా నాన్నా! అమ్మ మంచం పక్కనే ఈ ఎలకల మురికంతా పెట్టుకున్నారు. ఇన్‌ఫెక్షన్ వత్తే ఎవరు చూత్తారు? ఒక్కటీ మిగల్చకుండా సబ్బేసి రుద్ది, ఫినాయిలు నీళ్ళలో ముంచేను."

లీలావతి ఆటోలో కూర్చునే ఎడమచెయ్యి చాపింది. ఒక బుట్ట తెచ్చి ఇచ్చాను. వాసన చూసింది. ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో తన కుడిచెయ్యి ఎత్తి, ఆ చూపుడువేలు బుట్ట నోట్లో పెట్టి, నా వంక చూసింది. నేను విల్లు వంచి పుల్ల కదిపాను. విల్లు లేచింది గాని, ఎండకి కట్టెలా బిగిసిన తాటినార ఉచ్చు మధ్యలోనే ఆగిపోయింది. వేలు వదులుగా ఉండిపోయింది. ఇంకోటి ఇచ్చాను. అదీ అంతే. నేను తీసుకుని లాగితే నార పుటుక్కున తెగింది.

"ఏం చేసేనమ్మా నేను? ఏమైంది నాన్నా?" అంది శారోన్.

నేను చెప్పాను. అది తల్లి కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పిల్ల చేసింది ప్రేమకొద్దీ చేసింది, పద్ధతి దానికి మేము నేర్పితే కదా తెలియడానికి. లీలావతి ఎడమచేత్తో దాని తల నిమిరి, "ఆయ్," అంది.

ఆ వారంలోనే సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు వచ్చారు. "చేను పొట్ట మీదుంది సాలమోనూ, ఇయ్యాలో రేపో ఈనుతాది. గట్టెంట కొరికేత్తన్నాయి. రేపట్నించి పెట్టెయ్."

"బుట్టల్లేవండి."

"ఎలుకల సాలమోనింట్లో బుట్టల్లేవా? ఈ మాట బైట అనకయ్యా, నవ్విపోతారు!"

ఆయన సరదాకే అన్నారు. మంచం మీద లీలావతి గోడ వైపు మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం చూశాక నాకు ఒక్కటే పట్టుకుంది. డాక్టరుగారి మాట నిజమయ్యేలోగా, పట్టే బుట్ట ఒక్కటి నా చేత్తో అల్లి ఆమెకు చూపించాలి. తనతోపాటు పని కూడా పోతోందనుకుంటూ ఆ మనిషి వెళ్ళకూడదు.

అన్నేళ్ళు పక్కన కూర్చుని చూసినవాణ్ణే గాని వెదురు నా మాట వినలేదు. మంచం పక్కన చాప వేసుకుని కూర్చునేవాణ్ణి. పేడు మందంగా చీలితే లీలావతి ఎడమచేత్తో నా భుజం మీద తట్టేది. మొదటి బుట్ట నడుం దగ్గర ఉబ్బిపోయి, మూతి వంకర తిరిగింది.

"నాన్నా, ఇది బుట్టా, ఆనపకాయా?" అంది శారోన్.

"మైకిత్తే దీని గురించి గంట మాట్లాడతాను, కావాలంటే," అన్నాను.

లీలావతి మొహంలో సగం నవ్వింది. రెండో సగం నవ్వలేక అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ బుట్టను ఎడమచేత్తో మంచం మీంచి తోసేసింది. తర్వాతిదీ తోసేసింది. దాని తర్వాతిదీ అంతే. నా చేతులనిండా చీరుకుపోయిన గీతలు. శారోన్ రోజూ మందు రాస్తూ, "అమ్మ చేతులు ఇన్నేళ్ళూ ఇలాగే ఉండేవా?" అనేది. ఉండేవి. నేను మందు రాసేవాణ్ణి కాదు, అంతే తేడా.

రోజులు గడిచేకొద్దీ లీలావతి బుట్టను తోయడంలో కూడా నీరసం వచ్చింది. గంజి రెండు చెంచాలకే మొహం తిప్పుకునేది. నా చేతిలో బుట్ట ఉంటే మాత్రం కళ్ళు దానిమీదే.

ఒక ఉదయం, శారోన్ ఆమెకు తల దువ్వుతుండగా, నేనల్లిన బుట్ట ఇచ్చాను. తోయలేదు. ఒళ్ళో పెట్టుకుని మూతి చుట్టూ ఎడమచేత్తో తడిమింది. తర్వాత కుడిచెయ్యి ఎత్తబోయింది.

"ఎడంచేతి వేలు పెట్టవే. దానికి తెలుత్తాది," అన్నాను.

వినలేదు. పడిపోయిన ఆ చేతిని ఎత్తి, గాడి ఉన్న వేలినే బుట్ట నోట్లో పెట్టింది. నేను విల్లు సగం వంచి పుల్ల కదిపాను. టప్పుమంది. ఉచ్చు వేలికి బిగిసింది. సరిగ్గా ఆ పాత గాడిలోనే. వేలి కొస ఎర్రబడి, ఉబ్బింది. కానీ లీలావతి మొహంలో మార్పు లేదు. ఆ వేలికి స్పర్శ లేదు కదా. బిగిసిందో లేదో తనకి తెలియడం లేదు. వేలు పైకెత్తి చూసుకుంది. నమ్మకం కుదరలేదు. నా కళ్ళలోకి చూసి, "ఆయ్?" అంది.

ఎన్నో మీటింగుల్లో మాట్లాడినవాణ్ణి. అప్పుడు గొంతు రాలేదు.

శారోన్ అంది, "పట్టిందమ్మా. గట్టిగా పట్టింది." అని ఉచ్చు విప్పబోయింది. లీలావతి ఎడమచేత్తో దాని చెయ్యి పక్కకి నెట్టింది. కాసేపు అలాగే ఉంచుకుంది. బుట్ట గుండెలమీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపట్టాక మేము ఉచ్చు వదులు చేశాం.

ఆదివారం, చర్చి గంట మోగుతుండగా రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి ఇవ్వలేదు. స్నానం చేయించి బట్టలు మార్చాక శారోన్ నన్ను లోపలికి పిలిచి, "నాన్నా, గుర్తు పోలేదు," అని ఆ వేలు చూపించింది. పాతగాడి మీద నల్లగా, నా బుట్ట వేసిన గుర్తు. అలాగే పెట్టెలో పెట్టాం.

ఇప్పుడు నేనే అల్లుతున్నాను. రావుగారి గట్టుమీద నా బుట్టలు ఉన్నాయి. కొత్త వాసన కనక ఇప్పుడిప్పుడే ఒకటీ అరా పడుతున్నాయి. వచ్చే పంటకి బాగా పడతాయి. అల్లిన ప్రతి బుట్టలోనూ ముందు నా చూపుడువేలు పెడుతున్నాను. పట్టిందని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. నా వేలి మీద పడ్డ గుర్తు సాయంత్రం అన్నం కలుపుకునే వేళకి పోతోంది.