ఎర్ర దిబ్బ మీద చీపురు

ఫొటోలో ఎర్ర ఇసుక దిబ్బ కనబడగానే "ఎవరూ లేని చోటు, ఎంత బాగుందో" అని మురిసిపోయింది మీరే. ఆ మురిపెం చేసిన చేటును సరిదిద్దడానికి పదేళ్లు తిరిగిన మనిషి, మా అమ్మ తమ్ముడు, పోయిన మంగళవారం చెన్నై కోడంబాక్కంలో కన్నుమూశాడు.

మామ సినిమాల్లో స్టిల్ ఫొటోగ్రాఫర్. పని మానేశాక తూత్తుకుడి పక్క తేరి దిబ్బల దారి పట్టాడు. వేల ఏళ్ల కిందట గాలి తెచ్చి పోసిన ఎర్ర ఇసుక అది. వాలుల్లో మునగ తోటలు, తాటిచెట్లు. మొదటిసారి నేనూ వెళ్లాను. సెట్టులో నేల శుభ్రం చేయించే అలవాటు కదా, తాటాకు చీపురుతో ఇసుక మీది అడుగులన్నీ చెరిపేశాడు. మునగ మొక్కలకు నీళ్లు మోస్తున్న ఒక తెలుగు రైతమ్మ నవ్వింది.

"ఏందన్నా, పెండ్లికి వాకిలి చిమ్మతా ఉండావా?"

"ఒక్క పటం తీసుకుంటానమ్మా, రవ్వంత ఆడనే నిలబడు."

బిందె చంకనెత్తుకుని, ఫొటోలో పడకుండా పాపం అక్కడే నిలబడింది.

టి. నగర్‌లో ఆ ఫొటోల ప్రదర్శన పెడితే జనం విరగబడ్డారు. 'నిర్జన సౌందర్యం' అని పత్రికలో రాసింది నేనే, తప్పించుకోను. మరుసటేడు ఆ ఇసుక తవ్వుకుంటామన్న కంపెనీ ఒకటి చెన్నైలో సమావేశం పెట్టి, అవే ఫొటోలు తెర మీద వేసింది. చూడండి, మనుషులే లేరంది. వెనక వరసలోంచి మామ లేచాడు.

"ఆ అడుగులు నేను చెరిపినాను సార్. చీపురు నాదే."

హాలంతా నవ్వింది. మామ నవ్వలేదు.

ఆ వారమే బండెక్కి వెళ్లి ఆ రైతమ్మను వెతికి పట్టుకున్నాడు. "నడుస్తా ఉండమ్మా, తీస్తాను" అన్నాడట. "ఆ పొద్దు నిలబడమంటివి, ఈ పొద్దు నడవమంటావు. సినిమావోళ్లకి బుద్ధి ఒక చోట నిలవదప్పా!"

ఆపైన మనిషి లేకుండా ఒక్క ఫొటో తీయలేదు. ప్రతి ఫొటో వెనక ఆ మనిషి పేరు, పండించే పంట రాసేవాడు. "గాలి పోసిన దిబ్బరా ఇది. తవ్వి పారేస్తే మళ్లీ ఏ గాలిని పిలుస్తావు?" అనేవాడు.

కంపెనీ అర్జీ ఇంకా నడుస్తోంది. అందుకే అనుమతులిచ్చే అధికారులైన మిమ్మల్నే అడుగుతున్నాను:

దిబ్బలను బంజరు భూముల జాబితాలోంచి తీసేయండి.

సాగు చేస్తున్నవాళ్ల పేర్లు రికార్డులకెక్కించండి.

విచారణ దిబ్బల పక్క ఊళ్లోనే, నీళ్లు కట్టడం అయ్యాక పెట్టండి.

మామ ఫొటోలను, వెనక రాతతో సహా, ఫైలులో చేర్చండి.

తవ్వకానికి అనుమతి ఇవ్వకండి.